క్లచ్ పెడల్ ఎందుకు కీచుమంటుంది?

పోయిన నెల గోడపత్రికలో ఒక అక్క మలేరియా దోమ గురించి బాగా రాసింది. ఈ నెల నేను జీపు గురించి రాస్తున్నాను. నవ్వకండి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన మనిషిని అక్కడ నుంచి పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లేది చాలాసార్లు అద్దె జీపే. అది ఘాటీలో మొరాయిస్తే ఏమవుతాదో మన ఊళ్ల పిల్లలకి నేను చెప్పక్కర్లేదు.

ముందు క్లచ్ అంటే ఏటో చెప్తాను. డ్రైవర్ కాళ్ల దగ్గర మూడు పెడళ్లు ఉంటాయి. కుడి పక్కది యాక్సిలరేటర్, మధ్యది బ్రేకు, ఎడమ పక్కది క్లచ్. స్టార్ట్ చేశాక ఇంజన్ తిరుగుతానే ఉంటది. గేరు మార్చేటప్పుడు ఆ తిరుగుడు గేరు బాక్సుకి అందకుండా కాసేపు విడదీయాలి. దీనికి మన మెస్సు పళ్లేలు చాలు. మీరొక పళ్లెం, మీ ఫ్రెండ్ ఒక పళ్లెం పట్టుకొని రెండిటి అడుగులు ఆనించి నొక్కండి. మీది తిప్పితే ఆమె చేతిలోది కూడా తిరుగుతాది. కొంచెం దూరం జరిపితే మీది ఒక్కటే తిరుగుతాది. లోపల క్లచ్ ప్లేటు చేసేది ఇదే. పెడల్ తొక్కితే విడిపోతాది, వదిలితే అంటుకుంటాది. అంటుకోడానికి కారణం ఎనిమిదో తరగతిలో చదివిన ఘర్షణే.

కానీ చూడండి, అదే ఘర్షణ పెడల్ వేలాడే బోల్టు దగ్గర ఉండకూడదు. ఒకే బండిలో ఒకచోట ఘర్షణ కావాలి, ఒకచోట వద్దు. ఈ రెండు చోట్లు కలిపేసుకుంటే నష్టమే.

సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్న జీపులో క్లచ్ తొక్కితే చాలు, కీచ్ కీచ్ మని శబ్దం. సంతకి వెళ్లే ఆడవాళ్లు పందిపిల్లని ఎక్కించావా అని నవ్వేవారు. ఒక మెకానిక్ పెడల్ ముట్టుకోకుండానే క్లచ్ సెట్టు మొత్తం మార్చాలని చెప్పాడు. గేరు బాక్సు దింపాలి, రెండు రోజులు బండి ఆగిపోవాలి. ఆ సంవత్సరం పసుపు అమ్మిన డబ్బులన్నీ దానికే అయిపోయేవి. వాయిదా ఎలా కట్టాలని చిన్నాన్న రెండు పూటలు సరిగా తినలేదు. అప్పుడు నేను, శబ్దం ఎక్కడ నుంచి వస్తుందో ముందు చూద్దాం చిన్నాన్నా అన్నాను. "గుంటకి జీపు కింద ఏటి పని" అని నాన్నమ్మ అరిచింది. స్టీరింగు కింద తల దూర్చడానికి చిన్నాన్న పొట్ట అడ్డం. నాకు అడ్డం లేదు. అందుకే నాకు పని దొరికింది.

బండి చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్ చేసి, చక్రాలకి రాళ్లు పెట్టాం. తాళం తీసి చిన్నాన్న జేబులో వేసుకున్నాడు. పెడల్ కింద తల పెట్టేటప్పుడు ఇవేవీ వదలకూడదు. ఇప్పుడు పెడల్ ని చేత్తో నొక్కాం. ఇంజన్ ఆగి ఉన్నా కీచుమంది. ఇది ముఖ్యం. ఇంజన్ తిరిగేటప్పుడు మాత్రమే, అదీ పెడల్ తొక్కినప్పుడు గర్రుమని మోగితే లోపలున్న రిలీజ్ బేరింగ్ పాడయి ఉండొచ్చు. దానికి గేరు బాక్సు దింపక తప్పదు, మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. మాది అలా కాదు.

తర్వాత ఒక వెదురు పుల్ల తీసుకున్నాను. ఒక చివర నా చెవికి దగ్గరగా ఆనించి, రెండో చివర ఒక్కొక్క చోట పెట్టి విన్నాను. ఘన పదార్థంలో ధ్వని గాలిలో కంటే బాగా ప్రయాణిస్తుందని చదివాం కదా. పెడల్ ని వెనక్కి లాగే స్ప్రింగు కొక్కెం దగ్గర శబ్దం తక్కువ. మాస్టర్ సిలిండర్ కి వెళ్లే రాడ్డు పిన్ను దగ్గర కూడా తక్కువే. పైన పెడల్ వేలాడే బోల్టు దగ్గర పెట్టేసరికి చెవిలో సూది గుచ్చినట్టు వినిపించింది. పెడల్ ని పక్కకి ఊపితే ఊగింది కూడా.

అక్కడే ఎందుకు అరుగుతాదో స్కేలు పెట్టి కొలిచాను. పెడల్ ఒక మీట. పైన బోల్టు ఆధారం. అక్కడ నుంచి రాడ్డు 6 సెం.మీ., కాలు పెట్టే చోటు 24 సెం.మీ. అంటే కాలితో 10 కిలోల బలం వేస్తే రాడ్డు మీద 40 కిలోలు పడతాది. మిగతా 30 కిలోలు మోసేది ఆ బోల్టే. సంత రోజు ఘాటీ మలుపుల్లో ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతారో లెక్కేసుకోండి.

బోల్టు విప్పితే మధ్యలో ప్లాస్టిక్ బుష్ ఉంది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అరిగిపోయింది. లోపల ఎర్రమట్టి గట్టిపడి ఉంది. చిన్నాన్న పాత బుష్ పట్టుకెళ్లి అలాంటిదే తెచ్చాడు. దాని ఖరీదు క్లచ్ సెట్టు ముందు ఏమీ కాదు. బోల్టుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచి, గ్రీజు పల్చగా రాసి బిగించాం.

నాన్నమ్మ ఆముదం తెచ్చింది. తలుపు బందుకి అది సరే, పెడల్ కి వద్దు. ఆముదం కొన్నాళ్లకి జిగురులా అయిపోతాది, మట్టి పట్టుకుంటాది. ఇంజన్ ఆయిలు పోస్తే కారి కింద పెడల్ రబ్బరు మీద పడతాది. అప్పుడు కాలు జారుతాది, పక్కనే బ్రేకు ఉంది! మాస్టర్ సిలిండర్ రబ్బరుకి కూడా మామూలు గ్రీజు తగలనివ్వకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతాది. ఇక క్లచ్ ప్లేటు మీద గ్రీజు పడితే పని అయిపోయినట్టే. ఘర్షణ ఉండాల్సిన చోట లేకుండా పోయి ఇంజన్ అరుస్తాది గాని బండి ఎక్కదు.

బిగించాక చేత్తో 50 సార్లు నొక్కాను. శబ్దం లేదు. అయినా చిన్నాన్న ఇంకొకటి చూపించాడు. పెడల్ మొదట కొంచెం దూరం తేలిగ్గా దిగాలి, తర్వాత బరువు తగలాలి. ఆ ఖాళీ ఎంత ఉండాలో ఒక్కో బండికి ఒక్కోలా ఉంటది. అది అసలు లేకపోయినా, ఎండిన బుష్ పట్టేసి పెడల్ పూర్తిగా పైకి రాకపోయినా, క్లచ్ ఎప్పుడూ కొంచెం తొక్కి ఉంచినట్టే. ప్లేటు జారి కాలిన వాసన వస్తాది. ఎక్కుడులో రోగిని పెట్టుకొని అలా ఆగితే దిగి నెట్టడానికి కూడా చోటుండదు. అందుకే శబ్దం పోయిందా అని కాదు, పెడల్ తనంతట తాను పూర్తిగా పైకి వచ్చిందా అని చూడాలని చిన్నాన్న అన్నాడు. నాకు ఇది పుస్తకంలో దొరకలేదు.

సెలవులు అయ్యేలోపు ఆ జీపు ఒక నిండు గర్భిణిని రాత్రి పూట పాడేరు తీసుకెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. నాన్నమ్మ ఇప్పుడు నన్ను అరవడం లేదు, తన తిరగలి కూడా చూడమంటోంది.

వార్డెన్ మేడమ్ గారూ, మన మెస్సు గేటు కూడా కీచుమంటోంది. గ్రీజు కొంచెం మిగిలింది, నా పెట్టెలో ఉంది. ఆదివారం అనుమతి ఇస్తే నేనూ ఇంకో ఇద్దరూ చేస్తాం. పాత గుడ్డ ఒకటి కావాలి.

– 9వ తరగతి విద్యార్థిని