తాళం వేసిన ఇంటికి మళ్లీ వెళ్లే కొలువు

కొడంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఆరోగ్య సర్వే వాళ్లు దిగితే మొదట ఎదురయ్యే ప్రశ్న: "మా ఇంటికే ఎందుకొచ్చిన్రు? పక్కింటికి ఎందుకు పోలే?" సర్పంచ్ పంపలేదు, ఆశా కార్యకర్త చూపించలేదు. లెక్క పంపింది. ఆ లెక్క పట్టుబడినవాళ్లకు కొలువులున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే తీసుకుందాం. కేంద్ర ఆరోగ్యశాఖ తరఫున ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ దీన్ని 1992-93 నుంచి నడిపిస్తోంది. 2019-21 నాటి ఐదో విడతలో దేశమంతటా 6,36,699 కుటుంబాలను కలిశారు. తెలంగాణ వాటా 27,351. వికారాబాద్ జిల్లాకూ విడిగా ఫలితాలు వచ్చాయి.

ఎంపిక రెండు మెట్లలో సాగుతుంది. మొదట 2011 జనగణన జాబితా నుంచి ఊళ్లను, తాండూరు లాంటి పట్టణాల్లోనైతే గణన బ్లాకులను తీస్తారు. పెద్ద ఊరికి చిట్టీ తగిలే అవకాశం ఎక్కువ. అన్యాయమనిపిస్తుంది కానీ, ఊరు పెద్దదైనా చిన్నదైనా తీసుకునేవి 22 ఇళ్లే కాబట్టి ఒక్కో ఇంటి వంతు దాదాపు సమానమవుతుంది. తర్వాత ఊరి పటం గీసి ఇంటింటికీ వరుస నంబరు వేస్తారు. 220 ఇళ్లుంటే పదింటికొకటి. యాదృచ్ఛికంగా 7 వచ్చిందనుకోండి: 7, 17, 27... అలా 217 దాకా. మరీ పెద్ద ఊళ్లను ముందే ముక్కలుగా విడగొట్టి, రెండు ముక్కలే తీసుకుంటారు.

అసలు కష్టం ఆ తర్వాతే. 57వ ఇంటికి తాళముంది. ఇంటివాళ్లు కంది చేనుకు పోయారు, లేదా బండల పాలిషింగ్ యూనిట్‌లో ఉన్నారు. పక్కనే 58వ ఇంటి అవ్వ పిలిచి మరీ మాట్లాడుతుంది. అయినా ఇల్లు మార్చకూడదు. వేరే వేళకు మళ్లీ రావాలి. తీరిగ్గా ఇంట్లో దొరికేవాళ్లతోనే ఫారాలు నింపితే, సర్వే లెక్కలో పొద్దుగూకేదాకా పనిచేసే ఆడవాళ్లు కనిపించకుండా పోతారు. ఈ సర్వేలో ఎంపికైన ఇంట్లోని 15-49 ఏళ్ల మహిళలందరినీ కలుస్తారు. గృహహింస ప్రశ్నలకు మాత్రం ఒక్కరినే యాదృచ్ఛికంగా ఎంచుకుని, చాటున అడుగుతారు.

ఇక కొలువుల సంగతి. కర్ణాటక సరిహద్దులోని ఈ ప్రాంతపు పిల్లలకు తెలుగు, ఉర్దూ, కాస్త కన్నడం రావడం ఇంటర్వ్యూయర్ పనిలో సహజమైన బలం. అయితే ఉన్నమాట చెప్పాలి: క్షేత్ర ఉద్యోగాలు ఎక్కువగా సర్వే ఉన్నన్నాళ్లే. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదువులవాళ్లకు రక్తపోటు కొలిచే, వేలి రక్తం తీసే పని అక్కరకొస్తుంది. స్థిరమైన కొలువు కావాలంటే స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసి, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు గురిపెట్టొచ్చు. అదే డిగ్రీతో యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకూ ప్రయత్నించొచ్చు. జనాభా అధ్యయనాల్లో పీజీ కోర్సులు ఆ ముంబయి సంస్థలోనే ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాయాలి.