వేగం పెరిగితే ట్యాపెట్టు ఏం చేయాలి?

ఇంజను బలం అనగానే మనకు పిస్టను, పెట్రోలు, హార్స్ పవరు గుర్తుకొస్తాయి. కాము షాఫ్టుకూ వాల్వుకూ నడుమ బొటనవేలంత ఉండే ట్యాపెట్టును ఎవరూ తలవరు. దీన్నే లిఫ్టరు అని కూడా అంటారు. ఇంజను ఎంత వేగం తట్టుకుంటుందో తేల్చేవాటిలో ఇదీ ఒకటి. ఇది ఫిజిక్సు క్లాసులో చదివిన పాఠమే. కాకపోతే ఇక్కడ నూనె, గ్రీజు అంటుకుని ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుంది. పొలంలో నిముషానికి 1500 చుట్లు తిరిగే డీజిలింజనులో అయితే ఒక్కో వాల్వు సెకనుకు పన్నెండు పదమూడు సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. 7500 చుట్ల పందెపు ఇంజనులో 60 సార్లకు పైగా. వేగం అయిదు రెట్లే పెరిగింది గదా అనుకోవద్దు. త్వరణం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అవే భాగాలను, అదే కాము మీద నడపడానికి కావలసిన బలం 25 రెట్లు! కాము మొన దాటిన తర్వాత ట్యాపెట్టును కాముకు అంటిపెట్టుకుని ఉంచవలసింది స్ప్రింగే. దానికి శక్తి చాలకపోతే ట్యాపెట్టు గాలిలో ఎగురుతుంది. దీన్నే వాల్వు ఫ్లోట్ అంటారు. వాల్వు వేళకు మూసుకోకపోతే పిస్టను వచ్చి దాన్ని గుద్దవచ్చు. ఇక ఇంజను పనైపోయినట్టే.

ట్యాపెట్లు ముఖ్యంగా రెండు జాతులు. హైడ్రాలిక్ ట్యాపెట్టు లోపల ఆయిలు నిండి, గ్యాపు లేకుండా తనంతట తానే సర్దుకుంటుంది. చప్పుడు ఉండదు, మాటిమాటికీ సెట్ చేసే పనీ లేదు. రోజూ నడిచే కారుకు ఇంతకంటే ఏం కావాలి? అయితే వాల్వు ఫ్లోట్ అయినప్పుడు ఏర్పడిన సందును కూడా ఇది ఆయిలుతో నింపేస్తుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజను బలం పడిపోతుంది. మెకానిక్కులు దీన్ని పంప్ అప్ అంటారు. తప్పు ట్యాపెట్టుది కాదు. దాని ధర్మం సందు నింపడమే, అదే చేసింది.

రెండోది సాలిడ్ ట్యాపెట్టు. లోపల ఆయిలు ఆట లేదు. గ్యాపు మనమే ఫీలర్ గేజితో పెట్టాలి. అమెరికాలో షెవ్రొలె కంపెనీ 1967లో పందేల కోసం తెచ్చిన కమారో జెడ్-28 దీనికి మంచి ఉదాహరణ. 302 ఘనపు అంగుళాల ఆ వి-8 ఇంజనుకు సాలిడ్ ట్యాపెట్లే వేశారు. దాని కాముకు గ్యాపు అంగుళంలో వెయ్యింట 30 వంతులు. అందువల్ల టకటక చప్పుడు ఉండనే ఉంటుంది, దానికి బదులుగా వేగం దక్కుతుంది.

గ్యాపు అంటే చిన్న విషయం కాదు. ఒక ఏడాది మా ఊళ్ళో ఒక మెకానిక్కు చప్పుడు రాకూడదని మా డీజిలింజను ట్యాపెట్లు మరీ బిగించాడు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే వదులుకుంటుంది. సీటు మీద సరిగా కూర్చోకపోతే కాలిపోతుంది. మాదీ అలాగే కాలింది. నారుమడికి నీళ్ళు ఆగాయి, నాన్న పక్క పొలం వాళ్ళను బతిమాలి తడి పెట్టించాడు. చప్పుడు లేకపోవడం ఆరోగ్యం కాదని మా ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది.

ఇక అడుగుభాగం సంగతి. ఫ్లాట్ ట్యాపెట్టు పూర్తిగా చదును కాదు, కొంచెం ఉబ్బెత్తుగా ఉండి తన చుట్టూ తాను తిరుగుతూ అరుగుదలను సమంగా పంచుకుంటుంది. దీనికో హద్దుంది. కాము ఒక రేడియను తిరిగితే ట్యాపెట్టు ఎంత లేస్తుందో, తాకే బిందువు మధ్య నుంచి అంత దూరం జరుగుతుంది. షెవ్రొలె ట్యాపెట్టు వ్యాసం 21.4 మిల్లీమీటర్లు. కాబట్టి రేడియనుకు 10.7 మిల్లీమీటర్లు దాటితే అంచు కాములో దిగబడుతుంది. రోలర్ ట్యాపెట్టుకు ఈ బాధ లేదు. రాపిడి తక్కువ, వాల్వును చురుగ్గా తెరవవచ్చు. కాని అది బరువైనది, ఖరీదైనది. చక్రం అడ్డం తిరగకుండా పక్కదానితో లింకు కట్టాలి, స్ప్రింగూ గట్టిది కావాలి.

మరి ఏది ఎంచుకోవాలి? ముందు ట్యాపెట్టు కొనకూడదు. ఇంజను ఎంత వేగంలో ఎక్కువసేపు పనిచేయాలో తేల్చుకోవాలి. దాన్నిబట్టి కాము, కామునుబట్టి ట్యాపెట్టు, స్ప్రింగు. పుష్ రాడ్డు ఇంజను 6000 లోపే తిరిగేటట్లయితే హైడ్రాలిక్ చాలు. 7000 దాటించాలంటే సాలిడ్ మేలు. డబ్బుండి, వాల్వు ఎత్తు ఎక్కువ కావాలంటే సాలిడ్ రోలరు. ఫ్లాట్ రకమైతే కొత్త కాముకు పాత ట్యాపెట్లు వేయరాదు, ఒక కాము మీద అరిగినదాన్ని మరో కాము మీద పెట్టరాదు. 2004 తర్వాత వచ్చిన పెట్రోలు కార్ల ఆయిళ్ళలో చాలావాటికి ఫాస్ఫరసు తగ్గించారు కనుక, జింకు పాళ్ళు తగినన్ని ఉన్న ఆయిలే వాడాలి.

ఎక్కువ ధర పెట్టినది మేలైనదని అనుకోవడం పొరపాటు. మెట్టకు ఏ విత్తనం, మాగాణికి ఏ విత్తనం అని రైతు నేలను చూసి నిర్ణయిస్తాడు. ఇంజను విషయంలోనూ అంతే. పనిని చూసి పనిముట్టును ఎంచుకోవాలి.