గురువు, శిష్యుడు, సత్యము: ఆచార్య ఎ. జి. హాగ్ తత్త్వసేవ

చదువవలసిన లేఖన భాగములు: యోహాను 9:1–7, అపొస్తలుల కార్యములు 17:16–34, 1 పేతురు 3:13–17

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన, ఢిల్లీ నగరపు అంచున యమునకు తూర్పుననున్న ఇందిరాపురములోని పాఠశాలలలో పిల్లలు తమ ఉపాధ్యాయులను గౌరవించెదరు. ఉద్యోగములకై వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలును వారిలో నుందురు. అది డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినము. యమునకు ఆవల రాష్ట్రపతి భవనములో 1962 మొదలు 1967 వరకు నివసించిన ఆ తత్త్వవేత్త పూర్వికులు నెల్లూరు జిల్లా సర్వేపల్లి వారు. ఆయన పేరు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. అయితే ఆ గొప్ప ఉపాధ్యాయునికి తత్త్వశాస్త్రము నేర్పిన ఉపాధ్యాయుడెవరని అడిగినచో, క్రైస్తవ గృహములలో సహితము జవాబు చెప్పగలవారు కొద్దిమందియే.

ఆయన పేరు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్. మద్రాసు క్రైస్తవ కళాశాలలో 35 సంవత్సరములు తత్త్వశాస్త్రము బోధించిన మిషనరీ ఆయన. ఆయన శిష్యులలో మిక్కిలి ప్రసిద్ధుడైనవాడు క్రైస్తవుడు కాలేదు. సరికదా, క్రైస్తవుల విమర్శలకు ప్రత్యుత్తరమిచ్చుటయే తన తొలి గ్రంథమునకు ఉద్దేశముగా పెట్టుకొనెను. అట్లయిన హాగ్ పరిచర్య వ్యర్థమైనదా? ఈ ప్రశ్న ఆయన ఒక్కనికే చెందినది కాదు. విశ్వవిద్యాలయములలో పనిచేయు ప్రతి క్రైస్తవ అధ్యాపకునికిని, తత్త్వశాస్త్రము చదివినచో బిడ్డ విశ్వాసము పోవునేమో అని భయపడు ప్రతి తలిదండ్రులకును చెందినది.

1. సందేహములో నేర్చిన పాఠము

హాగ్ 1875లో ఐగుప్తు దేశములో జన్మించెను. తండ్రి జాన్ హాగ్ అస్యూతు పట్టణములో సువార్తకును విద్యకును పాటుపడిన స్కాట్లండు దేశీయుడు. కుమారుడు ఎడింబరో విశ్వవిద్యాలయములో తత్త్వశాస్త్రము చదివి, పరిచర్యకు సిద్ధపడుటకై దైవశాస్త్రమును ఆరంభించెను. అక్కడ సందేహము ఆయనను చుట్టుముట్టెను. సంఘము ఒప్పుకొను సిద్ధాంతములలో కొన్నిటిని తాను మనస్సాక్షిగా ఒప్పుకొనలేనని ఆయన గ్రహించెను. నమ్మనిదానిని నమ్మినట్లు పలుకుట ఆయనకు చేతకాలేదు. కాబట్టి ఆ చదువును విడిచెను.

ఆ చీకటిలో మిత్రుడైన డేవిడ్ కెయిర్న్స్ ఆయనకు తోడ్పడెను. క్రమముగా హాగ్‌కు ఒక భేదము స్పష్టమాయెను. దేవునియందు నమ్మికయుంచుట వేరు; ఆ నమ్మికను మాటలలో పెట్టు సిద్ధాంతములు వేరు. సిద్ధాంతములు అవసరమే. కాని అవి మనుష్యుల బుద్ధిచేత కూర్చబడినవి గనుక కాలమును బట్టియు దేశమును బట్టియు మారవచ్చును. యేసు తండ్రియందుంచిన సంపూర్ణమైన నమ్మిక మాత్రము వాటన్నిటికంటె లోతైనది. ఆ నమ్మికను పట్టుకొని ఆయన తిరిగి నిలబడెను. 1903లో మద్రాసు కళాశాలకు వచ్చినప్పుడు ఆయన అభిషేకము పొందిన పాదిరి కాడు. అది తరువాత జరిగెను.

ఆయన తరువాత వ్రాసిన ప్రతి పుస్తకములోను ఈ పాఠమే వేరుగా నుండెను. తాను సందేహమును ఎరిగినవాడు గనుక, ఇతరుల సందేహమును ఆయన ఎన్నడును చులకనగా చూడలేదు.

2. తరగతి గదిలో ఒక తెలుగు విద్యార్థి

ఆ దినములలో క్రైస్తవ కళాశాల మద్రాసులో హైకోర్టుకు ఎదుట ఉండెడిది. వేలూరులో చదువు ముగించుకొని తిరుత్తణివాసియైన రాధాకృష్ణన్ అక్కడ చేరెను. మిషనరీ పాఠశాలలలో పెరిగిన ఆ యువకుడు హిందూ మతముపై క్రైస్తవ బోధకులు చేయు విమర్శలను చిన్నతనమునుండి వినియుండెను. అవి ఆయన మనస్సును నొప్పించెను. తన పితరుల మతమును నిజముగా పరీక్షించి చూడవలెనను పట్టుదలను కూడ పుట్టించెను.

వేదాంతమునకు నీతిశాస్త్రములో చోటు లేదు, లోకము మాయయైనచో మంచిచెడ్డల భేదమునకు ఆధారమేమి అనునది ఆనాటి విమర్శలలో ముఖ్యమైనది. 1908లో ఎం. ఏ. పట్టమునకై వ్రాసిన వ్యాసములో రాధాకృష్ణన్ దీనికే జవాబు చెప్పెను. అప్పటికి ఆయన వయస్సు 20 సంవత్సరములు. వ్యాసమును పరిశీలింపవలసినవాడు హాగ్. తన పక్షమును కాదని వాదించిన విద్యార్థికి ఆయన అడ్డుపడవచ్చును. అట్లు చేయలేదు. క్లిష్టమైన వాదమును తేలికగా నడుపగల నేర్పు ఈ విద్యార్థికి కలదనియు, తత్త్వసమస్యను అసాధారణముగా గ్రహించెననియు యోగ్యతాపత్రములో మెచ్చుకొనెను. ఆ వ్యాసము అదే సంవత్సరము పుస్తకమాయెను. మరుసటి సంవత్సరము రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడాయెను. 1931 మొదలు 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడుగాను, పిమ్మట ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడుగాను పనిచేసెను.

దీనిలో పాఠమేమి? తనతో ఏకీభవించువానిని మెచ్చుకొనుట ఎవరికైనను సులభము. తనకు ఎదురాడినవాని వాదములోని బలమును బహిరంగముగా ఒప్పుకొనుటకు సత్యముపై నమ్మకము కావలెను. సత్యము దేవునిదని నమ్మినవాడు దానిని కాపాడుటకై అన్యాయపు మార్కులు వేయనక్కరలేదు. సాత్వికముతోను భయముతోను జవాబు చెప్పవలెనని పేతురు కోరిన సాక్ష్యము ఈ జాతికి చెందినదే.

3. కర్మయు విమోచనమును

అయితే హాగ్ మెచ్చుకొని ఊరకుండిన గురువు కాడు. 1904, 1905 సంవత్సరములలో కళాశాల పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసములు 1909లో 'కర్మ అండ్ రిడెంప్షన్' అను పుస్తకముగా వెలువడెను. కర్మయు విమోచనమును అని దాని అర్థము.

కర్మ సిద్ధాంతమును ఎగతాళి చేసి త్రోసివేయుట ఆయనకు ఇష్టము లేదు. దానిలో గంభీరమైన నీతిజ్ఞానమున్నదని ఆయన గుర్తించెను. లోకము గ్రుడ్డిగా నడచుట లేదు, విత్తినదే కోయబడును, ఎవని లెక్క వానికి తప్పదు. పాపమును తేలికచేసి క్షమాపణను చవకగా పంచు క్రైస్తవ ప్రసంగములకంటె ఇది గౌరవింపదగినది.

ఇక్కడనే ఆయన ప్రశ్న ఆరంభమగును. లోకమంతయు ఒక న్యాయస్థానమేనా? ప్రతి క్రియకు సరిగా తూచిన ఫలము వచ్చుటయే నీతికి చివరి మెట్టా? ప్రతివాడును తన కర్మనే అనుభవించుచున్నయెడల, ఒకని నిమిత్తము మరియొకడు శ్రమపడుటకు అర్థము లేదు. నిరపరాధియైన వాని బాధ అనునదే ఉండదు. బాధపడువాడెల్ల ఏదో జన్మములో అపరాధియే. లోకము అట్లున్నయెడల అది న్యాయముగా నుండవచ్చును గాని, అందులో ప్రేమకు పని లేదు. మనుష్యులు ఒకరితోనొకరు బంధింపబడినవారు గనుకనే ఒకని పాపఫలము ఇతరులపై పడును. అది భయంకరమైన సంగతి. అయినను ఆ బంధమునుండియే విమోచనము కూడ సాధ్యమగును. క్రీస్తు సిలువలో కనబడునది పద్దుల పుస్తకములోని లెక్క తీర్చుట మాత్రమే కాదు. పాపియొక్క భారమును తనదిగా చేసికొను దేవుని ప్రేమ వెల అక్కడ కనబడును.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులడిగిన ప్రశ్న ఇదే. పుట్టుగ్రుడ్డివాని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని వారు అడిగిరి. యేసు ఆ లెక్కను త్రోసివేసి, వాని కన్నులమీద బురద పూసి, కడుగుకొనుమని పంపెను. కారణమును వెదకు చూపును ఆయన స్వస్థపరచు పనివైపు త్రిప్పెను.

ఈ చర్చ కళాశాల గోడలకే పరిమితమని తెలుగు క్రైస్తవుడు తలంపరాదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు అంటరానివారుగా ఎంచబడిన మాదిగ కులస్థులు. వారి పుట్టుక వారి పూర్వకర్మ ఫలమని ఊరు వారికి తరతరములుగా చెప్పుచుండెను. యెర్రగుంట్ల పేరయ్యవంటి బోధకులు కాలినడకన తిరిగి ప్రకటించిన సువార్త ఆ తీర్పును కొట్టివేసెను. హాగ్ తర్కముతో అడిగిన ప్రశ్నకు ఆ జనులు పాతిక సంవత్సరములకు ముందే తమ బ్రతుకులతో జవాబు చెప్పియుండిరి. తత్త్వవేత్తయు పల్లె బోధకుడును ఒకే పొలములో పనివారు.

హాగ్ పుస్తకమునకు హద్దులు లేకపోలేదు. అది కర్మను ఒక శాస్త్రముగా తీసికొని వాదించును. ఆళ్వారులు మొదలు అన్నమయ్య వరకు దక్షిణ దేశపు భక్తులు దైవకృపను ఎంతగా ఆశ్రయించిరో అందులో తగినంత చోటు దొరకదు. హిందూ మిత్రునితో మాటలాడు క్రైస్తవుడు దీనిని గుర్తుంచుకొనవలెను.

4. క్రీస్తు దేనిని నెరవేర్చును?

ఆ కాలమున జె. ఎన్. ఫర్క్యుహార్ అను మిషనరీ పండితుడు హిందూ మతపు ఆశలన్నియు క్రీస్తునందు నెరవేరుననియు, క్రీస్తే దానికి కిరీటమనియు బోధించెను. ఆయన ప్రసిద్ధ గ్రంథము 1913లో వచ్చెను. హాగ్ దీనితో ఏకీభవింపలేదు. సాధారణ హిందువు అడుగుచున్న ప్రశ్నకు సువార్త జవాబు కాదనియు, అతడు ఇంకను అడుగని ప్రశ్నకు అది జవాబనియు ఆయన తలంచెను. కాబట్టి బోధకుని మొదటి పని జవాబు అందించుట కాదు. వినువాని హృదయములో క్రొత్త ఆకలిని పుట్టించుట. 1910లో ఎడింబరో మహాసభకై హాగ్ పంపిన అభిప్రాయములు గమనింపబడెను. ఆ విషయమును విచారించిన సంఘమునకు అధ్యక్షుడు పాత మిత్రుడు కెయిర్న్స్.

5. తాంబరము

హాగ్ 1928లో కళాశాల ప్రిన్సిపాలాయెను. 1937లో కళాశాల తాంబరమునకు తరలెను. 1938 డిసెంబరులో ఆ ఆవరణలోనే లోకమంతటినుండి నాలుగు వందలకు పైగా ప్రతినిధులు అంతర్జాతీయ మిషనరీ మహాసభకు కూడివచ్చిరి. దానికై హాలెండు పండితుడు హెండ్రిక్ క్రేమర్ వ్రాసిన గ్రంథము, మనుష్యుల మతములకును క్రీస్తునందలి దేవుని ప్రత్యక్షతకును నడుమ వంతెన లేదని గట్టిగా చెప్పెను. నెల్లూరులో 1886లో జన్మించిన న్యాయవేత్త పాండిపెద్ది చెంచయ్యయు, ఆయన మిత్రులును మద్రాసునుండి ఒక పుస్తకము ప్రకటించి దానిని ఎదిరించిరి.

హాగ్ వృద్ధాప్యములో మరల తన పాత భేదమునే ముందుకు తెచ్చెను. మతములు వేరు, విశ్వాసము వేరు. క్రీస్తు ప్రత్యేకతను ఆయన విడువలేదు. అయినను క్రైస్తవేతరునిలో దేవునియెడల నిజమైన నమ్మిక ఉండవచ్చుననియు, దేవుడు దానికి స్పందించుచున్నాడనియు, అట్టి దానిని చూచినప్పుడు క్రైస్తవుడు భక్తితో తల వంచవలెననియు ఆయన వాదించెను. ఈ మాట కొందరికి రుచింపలేదు. నేటికిని అందరు ఒప్పుకొనరు. అయినను ఇది పుస్తకములలో దొరికిన ఊహ కాదు. 35 సంవత్సరములు హిందూ విద్యార్థుల ముఖములను చూచుచు బోధించినవాని సాక్ష్యము ఇది. ఏథెన్సులో పౌలు తెలియబడని దేవుని బలిపీఠమును గమనించిన తరువాతనే బోధించెను. గమనింపనివాడు బోధింపజాలడు.

6. వ్యర్థమా?

హాగ్ 1954లో స్కాట్లండులో మరణించెను. అప్పటికి ఆయన శిష్యుడు భారతదేశపు ఉపరాష్ట్రపతి. ఆ శిష్యుడు బాప్తిస్మము పొందలేదు. లెక్కల పుస్తకమును చూచువారు దీనిని ఓటమి అందురు.

అయితే ఒక్క సంగతి ఆలోచింపదగినది. రాధాకృష్ణన్ తన విద్యార్థిదశను గూర్చి వ్రాసినప్పుడు హాగ్ పేరును గౌరవముతో స్మరించెను. క్రైస్తవ విమర్శ ఆయనను గాయపరచెను. ఒక క్రైస్తవుని న్యాయబుద్ధి ఆయనకు జ్ఞాపకముండెను. అంతేకాదు, వేదాంతమునకు నీతితోను సమాజసేవతోను సంబంధమున్నదని ఆయన జీవితాంతము నిరూపింపజూచుటకు మొదటి ప్రేరణ ఆ తరగతి గదిలోని ప్రశ్నలే. హాగ్ కోరిన ఆకలి పుట్టెను. దానిని తృప్తిపరచుట గురువు చేతిలో లేదు, దేవుని చేతిలోనున్నది. విత్తువాని కొలత కోతతో కాదు, విత్తిన విత్తనముతోను, విత్తిన చేతి నమ్మకత్వముతోను.

ఇందిరాపురములోని తెలుగు క్రైస్తవ గృహమునుండి ఒక బిడ్డ రేపు ఢిల్లీ కళాశాలలో తత్త్వశాస్త్రము చదువబోవచ్చును. ఆ బిడ్డకు కావలసినది ప్రశ్నలనుండి దాగుకొను చోటు కాదు. సందేహమును వినగల సంఘము, ప్రశ్నతో కలిసి ప్రార్థించు తలిదండ్రులు, ఎదుటివాని మాటను వక్రింపక వినుట నేర్పు గురువు కావలెను. దేవుని పూర్ణమనస్సుతో ప్రేమింపుమను ఆజ్ఞ బుద్ధికిని వర్తించును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. దేవునియందలి నమ్మికకును, దానిని వివరించు సిద్ధాంతములకును గల భేదమేమి? సిద్ధాంతములు ఎందుకు అవసరము?
2. ఒకడు బాధపడుచుండగా చూచినప్పుడు మొదట తోచునది కారణమా, సహాయమా? యోహాను 9:1–7 వెలుగులో ఆలోచింపుడి.
3. మీ సంఘములో సందేహపడుచున్న యువకుడు లేక యువతి ఎవరియొద్ద నిర్భయముగా మాటలాడగలరు?
4. మీతో ఏకీభవింపనివాని మాటలోని బలమును మీరు చివరిసారి ఎప్పుడు ఒప్పుకొంటిరి?