పబ్జీ ఆటను గూర్చిన కొన్ని అపోహలు

రాత్రి భోజనవేళ తల్లి వడ్డన సిద్ధముచేసి పిలుచును. కుమారుడు ఫోనునుండి కన్నెత్తకయే “ఒక్క నిమిషమమ్మా” యనును. ఆ నిమిషము అరగంట యగును. తండ్రి కోపించి ఫోను లాగికొనును. పిల్లవాడు అన్నము మాని పండుకొనును. ఇట్టి కలహము మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములందలి అనేక గృహములలో జరుగుచున్నది. విచారించి చూడగా దీనికి మూలము కొంతవరకు అజ్ఞానమని తోచుచున్నది. పెద్దలకు ఆ ఆట తెలియదు. పిల్లలకు ఆడుట తెలియునుగాని ఆటను గూర్చి తెలియదు. కావున ఇరువురి అపోహలను ఇచ్చట క్రమముగా పరిశీలింతము.

మొదట ఆటయొక్క స్వరూపము. దీని పూర్తిపేరు ప్లేయర్ అన్‌నోన్స్ బాటిల్‌గ్రౌండ్స్. బ్రెండన్ గ్రీన్ అను ఐర్లండు దేశీయుడు దీనిని రూపొందించెను. కొరియా దేశపు సంస్థ యొకటి 2017లో దీనిని వెలువరించెను. 2018లో ఇది ఫోనులకు వచ్చెను. నూరుగురు వరకు ఆటగాండ్రు విమానమునుండి ఒక ద్వీపముపై దిగుదురు. ఆయుధములను వెదకికొని పోరాడుదురు. క్షేమమైన ప్రదేశము వలయాకారముగా నుండి క్రమక్రమముగా కుదించుకొని పోవును. తుదివరకు నిలిచిన వాడో, నలుగురి జట్టో గెలుచును. ఒక ఆటకు సుమారు అరగంట పట్టును.

“ఇది కేవలము కాల్పుల ఆట, బుద్ధితో పని లేదు” అనుట పెద్దల మొదటి అపోహ. మన యరుగులమీద సుద్దతో గీసి, చింతగింజలతోను గులకరాళ్లతోను ఆడుకొను పులి మేక ఆటను జ్ఞాపకము చేసికొనుడు. మూడు పులులు, పదునైదు మేకలు. పులి దూకి మేకను చంపగలదు, మేక దూకలేదు. అయినను మేకలు ఒకదాని వెనుక నొకటి చేరి, పులులను కదలనీయక బంధించి గెలుచును. బలముకంటె స్థానము ముఖ్యమని ఆ ఆట నేర్పును. పబ్జీలోను అంతియే. ఎచ్చట దిగవలెను, ఎప్పుడు దాగవలెను, వలయము కుదించుకొనులోపల ఏ మార్గమున పోవలెను, పడిన తోడివానిని లేపుటకు పోవచ్చునా అనునవి యన్నియు ఆలోచింపవలసిన విషయములే. అయితే భేద మొకటి కలదు. పులి మేక ఆటలో ఇరుపక్షముల బలము కన్నులయెదుట నుండును. ఇచ్చట ఎదిరి ఎచ్చటనున్నది తెలియదు. ఏ ఆయుధము దొరకునో అదియు కొంత యదృష్టాధీనము.

“పిలిచిన వెంటనే ఆపిన నష్టమేమి?” యనుట రెండవ అపోహ. చదరంగపు బల్లను ఎట్లున్నది అట్లే యుంచి భోజనమునకు లేవవచ్చును. పబ్జీని అట్లు నిలుపుటకు వీలులేదు. ఆటగాడు ఫోను క్రింద పెట్టినను ద్వీపముపై యుద్ధము సాగుచునే యుండును. జట్టులోని తక్కిన ముగ్గురు నష్టపోవుదురు. కావున గడియారమును చూపి మధ్యలో లాగికొనుటకంటె, “నేడు ఒక్క ఆట, అదియు భోజనమునకు గంట ముందుగా” అని మొదటనే నిర్ణయించుట మేలు. ఆట ముగిసిన పిమ్మట ఆపనివానిని మందలించుట న్యాయము. ఆట నడుమ ఆపనివానిని అవిధేయుడనుట పూర్తిగా న్యాయము కాదు.

“పిల్లలు చెడిపోవుచున్నారని ప్రభుత్వమువారు దీనిని నిషేధించిరి” అనుట మూడవది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము పబ్జీతోపాటు మొత్తము 118 ఆప్‌లను నిలిపివేసెను. చూపిన కారణము దేశరక్షణ, ప్రజల సమాచార భద్రత. బాలుర నడవడి కాదు. ఆ నెలయందే మన రాష్ట్రమున 1974 నాటి జూద చట్టమును సవరించి, ఆన్‌లైనులో పందెము కాయు ఆటలను నిషేధించిరి. రెండును ఒకే నెలలో జరుగుటచేత జనులు వానిని కలిపివేసిరి. పిమ్మట 2021 జూలైలో బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేరుతో ఆ ఆట తిరిగి వచ్చెను. 2022 జూలైలో మరల ఆగెను. 2023 మే నెలలో మరల ప్రారంభమయ్యెను. పద్దెనిమిదేండ్లు నిండనివారు దినమునకు 3 గంటలకు మించి ఆడరాదని ఒక హద్దు నేర్పరచిరి. అది దాటరాని హద్దేగాని, అంతసేపు ఆడుడని చేసిన ఉపదేశము కాదు.

ఇక విద్యార్థుల అపోహలు. “నేను మొదటి దినములలోనే పదిమందిని కొట్టితిని” అని కొందరు గర్వింతురు. క్రొత్తవారి ఆటలలో ఎదిరులు పెక్కురు మనుష్యులు కారు. బాట్‌లు అనబడు యంత్రపు బొమ్మలు. ఆ విజయమును చూచి ప్రావీణ్య మబ్బినదనుకొనరాదు.

“డబ్బిచ్చి కొన్న దుస్తులవలన బలము పెరుగును” అనుట మరియొకటి. అవి ప్రధానముగా అలంకారములే. అందును కొన్ని పెట్టెలలో ఏమి వచ్చునో తెరచువరకు తెలియదు. తండ్రి చెమటోడ్చి సంపాదించిన సొమ్మును అట్టి పెట్టెలపై వెచ్చించుట లాటరీ చీటి కొనుటవంటిదే.

“ఆట తడబడుచున్నది, క్రొత్త ఫోను కావలెను” అని కొందరు మారాము చేయుదురు. ఫోను పాతదైన ఆట నెమ్మదించుట నిజమే. గాని దూరము కూడ ఒక కారణము. ఆటను నడుపు సర్వరు సింగపూరునందున్నదనుకొనుడు. తిరుపతినుండి అచ్చటికి సుమారు 3,000 కిలోమీటర్లు. పోవుటకు, వచ్చుటకు 6,000. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. లెక్కింపగా కనీసము 30 మిల్లీసెకన్ల ఆలస్యము తప్పదు. ఎంత వెల పెట్టిన ఫోనైనను ఈ లెక్కను మార్చలేదు.

“ఇదియే నా జీవనోపాధి” యనుట అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఇట్టి ఆటలకు గౌరవము వచ్చుట సత్యమే. 2023లో చీనా దేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటయొక్క ఒక రూపమునకు పతకము లిచ్చిరి. అయినను నూరుగురు దిగిన ద్వీపమున ఇరువదియైదు జట్లున్న, గెలుచునది ఒక్కటి. ఈ లెక్క తెలిసినవాడు పుస్తకమును మూసివేయడు.

“ఆడువారెల్లరును రోగులు” అనుటయు, “ఎంత ఆడినను బాధలేదు” అనుటయు రెండును తప్పులే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఆమోదించి, 2022నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చిరి. దాని లక్షణములు మూడు: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట. సాధారణముగా ఇవి సంవత్సరము పాటు కనబడినగాని ఆ పేరు పెట్టరు. అట్టి చిహ్నములు పొడసూపినచో, కొట్టుట మాని వైద్యుని చూపవలయును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఒక సాయంకాలము కుమారుని ప్రక్కన కూర్చుండి, “ఈ ఆట ఎట్లు ఆడుదువో నాకు చెప్పుము” అని యడుగుడు. బాలురారా, మీరును విసుగుకొనక వివరింపుడు. అటు పిమ్మట అరుగుమీద పులి మేక గీసి తండ్రితో ఒక ఆట ఆడుడు. ఫోను ఎంతసేపు చేతనుండవలెనను మాట నప్పుడు మాటలాడుకొనుడు. ఒకరి ఆట నొకరు ఎరిగిన యింట ఆ మాట కలహము లేకయే తేలును.