అన్నదమ్ములు – పొగాకు

బెంగళూరులోని పాత పేటలలో నగర్తపేట ఒకటి. నగర్తులనే వర్తకుల పేర వెలసిన ఈ పేటలో తెలుగు, కన్నడం, తమిళం కలగలిసి వినిపిస్తాయి. బట్టల అంగళ్ల నడుమ బీడా అంగళ్లకూ కొదువ లేదు.

అచ్చట ఒక ఇంట ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకొందాం. ఇద్దరూ ఒకే వయసులో సిగరెట్టు మొదలుపెట్టారు. అన్న రోజుకు నాలుగైదు మించడు. తమ్మునికి పెట్టె చాలదు. ప్రొద్దున లేవగానే చేయి జేబులోకి పోతుంది. మానాలని చూసి మూడుసార్లు ఓడిపోయాడు. "వీడికి మనోబలం లేదు" అని ఇంటివారు దెప్పుతారు. ఈ నింద పూర్తిగా న్యాయమైనది కాదు.

పొగాకులోని మత్తు పదార్థం నికోటిన్. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గులో పోసెల్ట్, రైమన్ అనువారు దీనిని వేరుచేశారు. పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే ఇది మెదడుకు చేరి హాయి గొలుపుతుంది. కాని కాలేయం ఊరకుండదు. నికోటినులో నూటికి 70 నుండి 80 వంతులు అక్కడ కోటినిన్‌గా మారిపోతుంది. ఈ పని ముఖ్యంగా సి.వై.పి.2ఎ6 అనే ఎంజైముది. సుమారు రెండు గంటలలో రక్తంలోని నికోటిన్ సగమవుతుంది. తగ్గగానే మెదడు మరల అడుగుతుంది.

ఈ ఎంజైమును తయారుచేయు జన్యువు 19వ క్రోమోసోము మీద ఉంది. అది అందరిలో ఒకే తీరుగా పనిచేయదు. జపానీయులలో కొందరికి ఆ జన్యువే లోపించి ఉంటుంది. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి వస్తాయి కనుక తోబుట్టువులలో సైతం భేదం కలుగవచ్చు. అన్న కాలేయం నిదానం కాబట్టి ఒక సిగరెట్టు చాలాసేపు నిలుస్తుంది. తమ్మునిది చురుకు. త్వరగా ఖర్చు, త్వరగా ఆరాటం.

అయితే మొదటి సిగరెట్టు చేతికిచ్చినది జన్యువు కాదు, స్నేహితుడు. అన్న కూడ క్షేమంగా లేడు. గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1958లో కవలల అలవాట్లను చూపి, కాన్సరుకు కారణం పొగ కాక జన్యువులే కావచ్చునని వాదించాడు. ఆయన స్వయంగా పైపు తాగేవాడు! ఆ వాదం నిలువలేదు.

నిదానపు కాలేయం వారికి నికోటిన్ పట్టీ తగినదని, చురుకువారికి వారెనిక్లిన్ మాత్ర మేలని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. ఎవరు ఏ తరగతివారో రక్తపరీక్ష చెప్పగలదు. పొగాకు మానదలచిన వారికి బెంగళూరులోని నిమ్హాన్స్‌లో చికిత్స లభిస్తుంది. నగర్తపేట నుండి అది సిటీబస్సు దూరమే.