వ్యాపార పాఠం: పేరు ఒకటే, తూకం వేరు

విశాఖపట్నం: దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలులోకి వచ్చాయి. అంతకుముందు మద్రాసు మణుగు 8 వీశెలు, అనగా 11.34 కిలోలు. కలకత్తా మణుగు 40 సేర్లు, 37.32 కిలోలు. పేరు ఒకటే అయినా తేడా మూడింతల పైమాటే.

ఇటువంటి చిక్కే రేవు వ్యాపారంలో టన్నుతో నేటికీ ఉంది. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. లాంగ్ టన్ను 2,240 పౌన్లు, సుమారు 1,016 కిలోలు. షార్ట్ టన్ను 2,000 పౌన్లు, 907 కిలోలే.

10,000 మెట్రిక్ టన్నులనుకొని కొన్న సరుకు షార్ట్ టన్నుల్లో వస్తే కొనుగోలుదారుకు 928 టన్నులు తరుగు. లాంగ్ టన్నుల్లో తూచి ఇస్తే అమ్మకందారు 160 టన్నులు నష్టపోతాడు. ఒప్పందంలో ఉత్త ‘టన్ను’ అని వదలక, ఏ టన్నో రాసుకొనుట క్షేమం.