కొండెక్కిన కరిజ్మా: పాత రోడ్డు బండిని అడ్వెంచర్ బైక్ చేయబోతే తెలిసిన లెక్కలు

మా ఇంట్లో ఒక హీరో హోండా కరిజ్మా ఉంది. 2009లో నాన్న కొన్నది. గాజువాక నుంచి స్టీల్ ప్లాంట్‌కి షిఫ్టు డ్యూటీలకి పదేళ్లు తిరిగి, తర్వాత మెట్ల కింద దుమ్ము పట్టి కూర్చుంది. మూడో సంవత్సరంలో నాకు బుద్ధి పుట్టింది: దీన్ని అడ్వెంచర్ బైక్ చేసి అరకు, జైపూర్, జగదల్‌పూర్ మీదుగా చిత్రకూట్ జలపాతం దాకా వెళ్లాలని. కొత్త హిమాలయన్ కొనే స్తోమత ఎలాగూ లేదు.

ఆలోచన మరీ పిచ్చిదేం కాదు. కరిజ్మా 223 సీసీ ఇంజను, హోండా వాళ్ల సీఆర్‌ఎఫ్ 230 అనే మట్టిదారి బండి ఇంజనుకి దగ్గర చుట్టం. 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్ కూడా రోడ్డు బండి ఇంజనుని ఎత్తైన సస్పెన్షన్ మీద కూర్చోబెట్టిందే కదా! కాకపోతే వాళ్లు చేసిన లెక్కలు నేను చెయ్యలేదు. అందుకే ఈ వ్యాసం.

అడ్వెంచర్ బైక్ అంటే ఎత్తుగా ఉండాలి అనుకున్నాను. ఆటోనగర్‌లో పాతికేళ్ల నుంచి బళ్లు విప్పుతున్న మేస్త్రి దగ్గరికెళ్లి, వెనక షాకబ్జార్బర్లు పొడుగువి వెయ్యమన్నాను. ఆయన నన్నూ బండినీ చూసి, "ఏటి బాబూ, మేక్కి ఒంటె కాళ్లు పెడతానంటావేటి? వెనక లేపితే ముందేటవుద్దో సూసుకున్నావా?" అన్నాడు. నేను ఇంజనీరింగ్ చదువుతున్నవాణ్ని, ఆయన ఏడో తరగతి. పట్టించుకోలేదు. వెనక 40 మిల్లీమీటర్లు లేచింది. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది. వెనక సీటు అవతలికి ఒక స్టాండ్ వెల్డింగ్ చేయించి రెండు పెట్టెలు తగిలించాను.

2023 మేలో నేనూ నా రూమ్మేటూ శృంగవరపుకోట మీదుగా బయల్దేరాం. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ముందు చక్రం తేలిపోతున్నట్టు ఉంది. గాలి తక్కువేమో అనుకున్నా. మర్నాడు అనంతగిరి దగ్గర దిగుతూ ఒక మలుపులో బ్రేక్ వేశాను. హ్యాండిల్ ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుంది, బండి రోడ్డంచు కంకర మీదికి పోయి పడింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. వెనక కూర్చున్నవాడికి మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టు. వాడి సెమిస్టర్ పరీక్షలకి వేరేవాళ్లు రాసిపెట్టాల్సి వచ్చింది. తప్పు రోడ్డుది కాదు, పూర్తిగా నాదే.

ఇంటికొచ్చాక కాగితం మీద పెట్టాను. కరిజ్మా రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1355 మిల్లీమీటర్లు. వెనక 40 లేపితే బండి మొత్తం ముందుకి సుమారు 1.7 డిగ్రీలు వంగుతుంది. అంటే ముందు ఫోర్కు అంతమేర నిటారుగా అవుతుంది. ఇక్కడే 'ట్రెయిల్' అనే మాట తెలుసుకోవాలి. హ్యాండిల్ తిరిగే గొట్టం గీతని నేల దాకా పొడిగిస్తే, అది నేలని తాకే చోటుకి కాస్త వెనగ్గా టైరు నేలని తాకుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం తనంతట తానే వెనక్కి తిరిగి సర్దుకోవడం చూశారుగా, అదే సూత్రం. ట్రెయిల్ ఉంటేనే చక్రం తిన్నగా పోతుంది.

ఫోర్కు వాలు 26 డిగ్రీలు, చక్రం వ్యాసార్థం 300, ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు అనుకుని లెక్కేస్తే ట్రెయిల్ 96 వస్తుంది. వాలు 24.3కి తగ్గితే 86. సెంటీమీటరే కదా అనకండి, పదో వంతు పోయింది! పైగా దిగుడులో బ్రేక్ వేస్తే ఫోర్కు కుంగి అది ఇంకా తగ్గుతుంది.

రెండో తప్పు పెట్టెలు. వెనక ఇరుసుకి 300 మిల్లీమీటర్ల అవతల 30 కిలోలు వేలాడదీశాను. వెనక ఇరుసు దగ్గర మొమెంట్ తీసుకోండి: 30 × 300 ÷ 1355, అంటే ముందు చక్రం మీంచి 6.6 కిలోలు ఎగిరిపోయినట్టే. ఎక్కుడులో తేలిపోవడం అందుకే. ఫస్టియర్ మెకానిక్స్‌లో తులాభారం లెక్క ఇదే. మార్కులొచ్చాయి, బుర్రకెక్కలేదు.

అసలు విషయం ఏంటంటే, ఎత్తు వేరు, సస్పెన్షన్ ప్రయాణం వేరు. 2016లో వచ్చిన హిమాలయన్‌కి ముందు 200, వెనక 180 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంది. గుంతలో చక్రం అంత మేర కదులుతుంది కాబట్టే ఆ బండి ఎత్తుగా ఉంది. మనం షాకబ్జార్బరు పొడుగు చేస్తే సీటు లేస్తుంది గానీ ప్రయాణం పెరగదు. మీ బండిలో ఎంత వాడుతున్నారో చూడాలంటే ఫోర్కు గొట్టానికి ఒక జిప్ టై బిగించి గతుకుల్లో తిరిగి రండి, అది ఎంత పైకి జరిగిందో కొలవండి. మా కరిజ్మాలో 110 వచ్చింది. ఆ 110తోనే బతకాలి. అంటే వేగం తగ్గించుకోవాలి, అంతే.

మళ్లీ మేస్త్రి దగ్గరికే వెళ్లాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. పాత పొడుగు షాకబ్జార్బర్లు తిరిగి వేసి, స్ప్రింగులు మాత్రం గట్టివి పెట్టాడు. స్టాండ్ కోసి చూస్తే ఫ్రేము వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత పగులు. వెల్డింగ్ వేడికి అతుకు పక్క లోహం గుణం మారుతుంది, పగులు తరచుగా అక్కడే మొదలవుతుంది. దాన్ని అతికించి, ఈసారి స్టాండ్‌ని బోల్టులతో, క్లాంపులతో బిగించాం. పెట్టెలు కిందికీ, ఇరుసు కంటే ముందుకీ జరిగాయి. బరువైన టూల్స్ ట్యాంకు మీది సంచిలోకి వచ్చాయి. ముందు స్ప్రాకెట్ 14 పళ్ల నుంచి 13కి మార్చాం. అదే ఇంజను వేగానికి బండి వేగం 7 శాతం తగ్గుతుంది, చక్రం దగ్గర టార్క్ సుమారు 8 శాతం పెరుగుతుంది. ఘాట్‌లో నిజంగా తేడా తెలిసింది. హైవే మీద మాత్రం ఇంజను కాస్త ఎక్కువ అరుస్తుంది.

పెద్ద ముందు చక్రం వేద్దామనే కోరిక కూడా ఉండేది. దాన్ని చంపింది ఆర్సీ. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. మాది 2024లో అయిపోయింది. ఆ తర్వాత తనిఖీకి చూపించి ఐదేళ్లకి పొడిగించుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఫ్రేము కోసేసి, చక్రాలు మార్చేసి తెచ్చే యూట్యూబ్ బళ్లని చూసి మోసపోకండి. విప్పి పక్కన పెట్టగలిగినవే తగిలించండి. నాన్న ఆ ప్రమాదం గురించి ఇంట్లో ఏమీ అనలేదు. "ఆర్సీ పోతే ఇది ఇనప సామానే రా" అని మాత్రం అన్నారు. తనిఖీ రోజు పెట్టెలూ స్టాండూ విప్పి, ఆయనే నడిపి తీసుకెళ్లారు. పొడిగింపు వచ్చింది.

చిత్రకూట్ ఆ డిసెంబర్‌లో అయింది. రూమ్మేట్ వచ్చాడు, కానీ బస్సులో వచ్చి జగదల్‌పూర్‌లో కలిశాడు. నేనేం అడగలేదు.

ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఒకటి గుర్తుంచుకోండి. సింగిల్ సిలిండర్ బండి అదురుకి బోల్టులు వదులవుతాయి. నేను ప్రతి 200 కిలోమీటర్లకి ఆగి స్పానర్ పెట్టి చూస్తాను. మామూలు నట్లు కాదు, నైలాన్ లాక్ నట్లు అడగండి. ఆటోనగర్‌లో విడిగా దొరుకుతాయి. మన సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా గ్రీజు రాసి బిగించండి.